ఆకులో దొరికిన మందు – డా॥ యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ

మన సంఘ పత్రిక ప్రత్యేక సంచికకు తలా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వాలని కార్యదర్శి గారు కోరినప్పుడు, నా వంతుకు ఎవరిని ఎంచుకోవాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. ముప్పై ఏళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసినవాణ్ణి. కాగితం మీద ఫార్మసిస్టునే గాని జనం నోట ఎప్పుడూ కాంపౌండరునే. గర్భిణులకు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. 1970లో మొదలైన ఆ కార్యక్రమంలో ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండేవి. ఒకనాడు ఒక పల్లెటూరి అమ్మాయి ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని, ఇందులో ఏముందని నన్ను అడిగింది. బలానికి అని చెప్పి పంపేశాను. ఇనుమంటే ఏమిటో నాకు తెలుసు. రెండోది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు తయారు చేశారో నాకే తెలియదు. ఆ తయారీ వెనక ఉన్నది మన గోదావరి జిల్లావాడని, దాని కథ సంగ్రహణి వ్యాధితో ముడిపడి ఉందని చాలా ఏళ్ల తరువాత గాని తెలుసుకోలేదు. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతున్నాననుకోండి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖ ఉద్యోగి. అనారోగ్యం వల్ల గడువుకు ముందే పదవీ విరమణ చేయవలసి వచ్చింది. పెద్ద సంసారం, చిన్న ఆదాయం. అది ఎలా ఉంటుందో మన సభ్యులకు వివరించనక్కరలేదు. తల్లి వెంకమ్మ గారు పట్టుదల మనిషి. కొడుకు మాత్రం చదువు మీద మనసు లేక, పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోంచే వెనక్కి తీసుకువచ్చారు. మెట్రిక్యులేషను గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలునుంచి ప్యాసయ్యారు. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ రామకృష్ణ మఠం వైపు మనసు మళ్లి సన్యసిస్తానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో వివాహమైంది. చదువు ఖర్చుకు మామగారే ఆదుకున్నారు.

ఆ రోజుల్లోనే గాంధీగారి పిలుపు విని ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు అంగీ వేసుకుని వెళ్లారు. సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసినవారికి దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఈ తక్కువ పట్టా ఆయన్ను అమెరికా దాకా వెంటాడింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఇంటిని సంగ్రహణి కాటేసింది. ఇంగ్లీషు వైద్యంలో దాన్ని స్ప్రూ అంటారు. నా చిన్నతనంలో కూడా మా వైపు ఆ పేరు గొంతు తగ్గించి పలికేవారు. మా తాతయ్య తమ్ముడొకాయన ఎనిమిది నెలలు మజ్జిగన్నం మీదే ఉండి, ఎముకల గూడై పోయారని మా నాయనమ్మ చెప్పేది. నురగలు కట్టిన, జిడ్డు తేలే విరేచనాలు, కడుపు ఉబ్బరం, తిన్నది ఒంటబట్టకపోవడం, నాలుక ఎర్రగా పుండై ఉప్పు కారం తగిలితే భగ్గుమనడం, రోజురోజుకూ పాలిపోవడం – ఇవీ దాని లక్షణాలు. సుబ్బారావు గారి అన్న పురుషోత్తం గారు, తమ్ముడు కృష్ణమూర్తి గారు ఈ వ్యాధితోనే ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఒక ఇంట్లో రెండు దశదిన కర్మలు ఒకదాని మీద ఒకటి వచ్చాయన్నమాట. తరువాత ఆయనకూ అదే పట్టుకుంది.

ఆయన్ను కాపాడింది ఇంగ్లీషు వైద్యం కాదు, డా॥ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదువుకుని కూడా ఆయుర్వేదం చేపట్టిన పెద్దమనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తరువాత ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో పనిచేసిన రుక్మిణీ లక్ష్మీపతి గారు ఆయన భార్యే. సుబ్బారావు గారు కోలుకున్నాక అదే మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఆయుర్వేదపు మందులను ఆధునిక పద్ధతిలో పరీక్షించాలన్న కోరిక అక్కడే కలిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయుర్వేదం గ్రహణికి వాడే మొక్కలన్నీ మన పెరట్లోనివో, పక్క అడవిలోనివో. మారేడు పిందె, దానిమ్మ తొక్క, కొడిశపాల చెక్క, తుంగముస్తలు. వీటితోపాటు మజ్జిగ. దానిమ్మ తొక్కలోను, మారేడు పిందెలోను వగరునిచ్చే టానిన్లు ఉన్నాయి. అవి పేగు పొరను బిగించి విరేచనాన్ని తగ్గిస్తాయి. మారేడులోని పెక్టిను బంకలా పనిచేస్తుంది. కొడిశపాల చెక్కలో కొనెస్సిన్ అనే ఆల్కలాయిడు ఉంది. అది జిగట విరేచనాలు కలిగించే అమీబాను చంపగలదు. అందుచేత అవి వట్టి నమ్మకాలని కొట్టిపారేయడానికి వీలులేదు. అయితే విరేచనం తగ్గడం వేరు, పాడైన పేగు తిరిగి పెరగడం వేరు. ఆ రెండో పని చేసే పదార్థం కూడా ఆకుల్లోనే ఉంది. అది ఆయన చేతికి చిక్కడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు కొంత, మామగారు కొంత సర్దగా, మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి ఓడెక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు గాని, ఎల్.ఎం.ఎస్. పట్టాకు ఉపకార వేతనం ఇవ్వలేదు. పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. మద్రాసులో డాక్టరుగా పట్టా పుచ్చుకున్నవాడు! ఆయన ఇండియాలో ఉండగా కడుపులో ఉన్న బిడ్డ పుట్టి, నెలలు నిండకుండానే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు.

తరువాతి పద్దెనిమిదేళ్ల హార్వర్డు జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా ముగిస్తాను. ప్రొఫెసరు సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. వైద్య ప్రయోగశాలల్లో పనిచేసిన మన సభ్యులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరు తెలిసే ఉంటుంది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో ఆ ఇద్దరూ గుర్తించారు. ఏ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా వేరుగా కనుగొన్నాడు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం రాలేదు. పదోన్నతి జాబితాలో పేరు కోసం ఏళ్ల తరబడి చూసి నిరాశపడినవారు మన సంఘంలో కొందరైనా ఉన్నారు గనక ఆ బాధ మనకు తెలుసు. 1940లో ఆయన ఆ ఉద్యోగం వదిలి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు డైరెక్టరయ్యారు.

ఆకుల సంగతి అప్పటికే మరికొన్ని చోట్ల మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్నది ఏమిటో మాత్రం తేలలేదు. 1941లో టెక్సాసు విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను నలిపి, వడకట్టి, ఇంకించి అతి కొద్ది పదార్థాన్ని రాబట్టారు. లాటిన్ భాషలో ఆకుకు ఫోలియం అని పేరు. అందుకని దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల పాలకూర అంటే మన రైతుబజారు లెక్కన ఎన్ని కట్టలో ఊహించుకోండి. ఆ లెక్కన రోగులకు మందు అందించడం అయ్యే పని కాదు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలగాలి.

ఆ పని చేసింది సుబ్బారావు గారి బృందం. ఆయన మొదట వెతికింది కాలేయపు సారంలోని రక్తహీనత మందు. ఆ దారిలోనే ఈ పదార్థం తగిలింది. కాలేయంనుంచి, సూక్ష్మజీవులను పెంచిన ద్రవంనుంచి దాన్ని విడదీశారు. నిర్మాణం తేల్చి, చివరకు స్వయంగా కూర్చి, 1945లో ప్రకటించారు. ఆ ప్రకటన మీద పదిమందికి పైగా పేర్లున్నాయి. డైరెక్టరు గారి పేరు ఆ వరుస మధ్యలో కలిసిపోయి ఉంటుంది. మన ఆఫీసుల్లో కింది గుమాస్తా రాసిన నోటు మీద పై అధికారి సంతకం ఎంత పెద్దదిగా ఉండేదో తలచుకుంటే, ఈ ఒక్క సంగతికే నేను ఆయనకు నమస్కరిస్తాను.

తయారైన మందును టామ్ స్పైస్ అనే వైద్యుడు అమెరికా దక్షిణ ప్రాంతంలోను, క్యూబాలోను ఇచ్చి చూశాడు. క్యూబాలో స్ప్రూ రోగులు ఎక్కువ. మందు పడిన కొద్ది రోజులకే నాలుక పుండ్లు మానాయి. ఆకలి పుట్టింది. విరేచనాలు తగ్గి, రక్తం పట్టి, బరువు పెరిగారు. భీమవరం అన్నదమ్ములకు వచ్చిన లక్షణాలే, ఒక్కొక్కటీ వెనుదిరిగాయి.

ఎందుకలా జరిగిందో నాకు తెలిసినంతలో చెబుతాను. మన చిన్న పేగు లోపలి పొర మఖమల్ గుడ్డలా సన్నని పోగులతో నిండి ఉంటుంది. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది ఆ పోగులే. ఆ పొరలోని కణాలు మూడునుంచి అయిదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడతాయి. కొత్త కణం పుట్టాలంటే దాని డి.ఎన్.ఏ. తయారు కావాలి. దానికి ఫోలిక్ ఆమ్లం లేనిదే జరగదు. అందుకే అది కొరవడినప్పుడు కణాలు వేగంగా పుట్టే చోట్లే మొదట దెబ్బ తింటాయి – ఎముకల్లోని మూలుగ, పేగు పొర, నాలుక. స్ప్రూలో పేగు పోగులు పొట్టివై, అరిగిపోతాయి. అరిగిన పేగు ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకోలేదు. అది అందక పేగు ఇంకా అరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మరి రోగికి పాలకూర పప్పు పెడితే సరిపోదా అని అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఆకులో ఈ పదార్థం విడిగా ఉండదు. గొలుసులా అల్లుకుని ఉంటుంది. పేగు గోడ మీద ఉండే ఒక ఎంజైము ఆ గొలుసును తెంపి ఒంటి ముక్కగా చేస్తే గాని ఒంట్లోకి పోదు. జబ్బుపడ్డ పేగుకు ఆ తెంపే శక్తి తగ్గిపోతుంది. ప్రయోగశాలలో తయారైన మాత్ర ముందే ఒంటి ముక్కగా ఉంటుంది. ఆకు చేయలేని పని, ఆకులోని మందే మాత్ర రూపంలో చేయడానికి కారణం అదీ. ఆరోగ్యవంతులకు మాత్రం ఆకుకూరలు, శనగలు, పెసలు, అలసందలు చాలు. కాకపోతే పాలకూరను నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఇందులో సగం దాకా వాటితోనే పోతుంది. మా ఇంట్లో ఆ నీళ్లను పప్పులో పోయించడానికి నాకు పదేళ్లు పట్టింది.

అన్నదమ్ముల శవాల ముందు ఆయన ప్రతిజ్ఞ చేసి, ఆ ప్రతిజ్ఞ కోసమే అమెరికా వెళ్లి మందు సాధించినట్టు సభల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం అంత నమ్మకం కలగదు. ఆయన దారి భాస్వరంలోంచి, కండరాల్లోంచి, కాలేయంలోంచి వంకరటింకరగా నడిచింది. వచ్చి వచ్చి సంగ్రహణి ముంగిట ఆగింది. ఆయన కావాలని వెతికినా, దారిలో దొరికినా, మందు మందే.

ఆ మందు ఒక్కటే అన్ని చోట్లా చాలలేదని కూడా ఒప్పుకోవాలి. 1960 దశకంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ ప్రబలినప్పుడు ఎంతో శ్రమించి పరిశీలించారు. మన దక్షిణాది రోగులు క్యూబావారంత తేలిగ్గా ఫోలిక్ ఆమ్లానికి లొంగలేదు. పేగులో తిష్ఠ వేసిన సూక్ష్మజీవులను కూడా తొలగించవలసి ఉంటుంది. అందుకని వైద్యులు ఫోలిక్ ఆమ్లంతోపాటు టెట్రాసైక్లిన్‌ను నెలల తరబడి ఇస్తారు. ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవినుంచి రాబట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. వేరేచోట పదవీ విరమణ చేసిన డెబ్బై ఏళ్ల మనిషికి లెడర్లేలో పని దొరికింది. ఆ పరిశోధన నడిచింది సుబ్బారావు గారి అజమాయిషీలోనే. సంగ్రహణికి వాడే రెండు మందుల మూలాలూ ఆ ఒక్క కప్పు కిందే ఉన్నాయన్నమాట. పదవీ విరమణ చేసినవారితో పని కాదనేవారికి డగ్గర్ గారి పేరు చెప్పండి.

ఇంకొక జాగ్రత్త. మన వయసువారు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని దుకాణంలో ఫోలిక్ ఆమ్లం కొని మింగుతుంటారు. లోపం బి12ది అయితే ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని మాత్రం బాగుచేసి, నరాల జబ్బును లోలోపల ముదరనిస్తుంది. శాకాహారులు, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడేవారు ముందు బి12 పరీక్ష చేయించుకోవాలి.

ఫైలేరియాకు వాడే హెట్రజాన్ 1947లో ఆ ప్రయోగశాలనుంచే వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎరగని వీధి ఒకప్పుడు ఉండేదా? ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆయన బృందం తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు సోకిన పదహారుమంది పిల్లలకు ఇవ్వగా, పదిమందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ సంగతి 1948లో ప్రచురితమైంది. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

అదే సంవత్సరం వేసవిలో ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది. 1948 ఆగస్టు 9న సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించి కనిపించారు. వయసు యాభై మూడు. మూడేళ్లని బయలుదేరిన మనిషి ఇరవై ఆరేళ్లు అక్కడే ఉండిపోయారు. ఇండియా గడ్డ మీద మళ్లీ అడుగు పెట్టలేదు. అనపర్తి ఆడపడుచు శేషగిరి గారు భర్తను తిరిగి చూడలేదు. ఆయన గొప్పతనం చెప్పే వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటవేస్తారు. నేను దాటవేయలేకపోతున్నాను. ఆమె ఎదురుచూపు మీద ఏ ఫలకమూ లేదు. ఆయనకు మాత్రం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు దక్కింది. 1995లో, శతజయంతి సంవత్సరంలో, మన తపాలా శాఖ బిళ్ల విడుదల చేసింది.

మా ఆవిడకు ఎనిమిదేళ్లుగా కీళ్లవాతం. డాక్టరు గారు వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ రాశారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వచ్చే మందు అది. దాని దుష్ఫలితాలు నోటికీ పేగుకూ తగలకుండా వేరే రోజున ఫోలిక్ ఆమ్లం రాశారు. ఆ పదార్థాన్ని అడ్డగించే మందు ఒకటి, ఆ పదార్థమే రెండోది, రెండూ సుబ్బారావు గారి గదిలోంచి వచ్చినవే. ఆ డబ్బా సర్దే పని నాది. ఆదివారం గడిలో ఒకటి, మంగళవారం గడిలో ఒకటి వేసి, ఆమె కళ్లజోడు తెచ్చుకుని సరిచూసుకున్నాకనే మూత పెడతాను.